రేడియో అయోడిన్ తీసుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 39. గుంటూరులో ఉంటాం, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. మూడేళ్ల క్రితం గుండెదడ, చేతుల వణుకు మొదలయ్యాయి, బాగా తింటున్నా బరువు తగ్గిపోయాను. పరీక్షలు చేసి గ్రేవ్స్ వ్యాధి, అంటే థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు అన్నారు. థైరాయిడ్‌ను తగ్గించే నియోమెర్కజోల్ మాత్ర ఏడాదిన్నర వాడాక ఆపారు. ఐదు నెలలకే తిరగబెట్టింది. మళ్లీ అదే మందు వాడుతున్నాను, తగ్గించినప్పుడల్లా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పడిపోతోంది, అంటే థైరాయిడ్ మళ్లీ ఎక్కువవుతోందట. ఇప్పుడు విజయవాడ సూర్యారావుపేటలో చూపించుకుంటే రేడియో అయోడిన్ తీసుకోమని, 15 మిల్లీక్యూరీలు అని చీటీ మీద రాశారు. మా తోటికోడలు ‘అది అణుబాంబు మందక్కా, ఇరవై ఏళ్లకు క్యాన్సర్ తెస్తుంది’ అంటోంది. అత్తయ్య గారు అయితే నేను వండితే ఇంట్లో ఎవరైనా తినవచ్చా అని అడిగారు. బాబుకి 11 ఏళ్లు, పాపకి 5. పాప నన్ను పట్టుకుంటే గానీ నిద్రపోదు. ఇక పిల్లలు వద్దని ఆపరేషన్ అయిపోయింది. మా అమ్మగారిది తెనాలి. ధైర్యం చెప్పడం కోసం కాకుండా ఉన్న నిజం రాయండి. ఇంకొకటి, ఈ మధ్య పొద్దున లేవగానే కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటోంది, నీళ్లు కారుతున్నాయి. చాక్‌పీసు పొడి వల్ల అనుకుంటున్నాను. – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు క్యాన్సర్ భయం గురించి ముందు రాసి, కళ్ల గురించి చివర్లో రెండు ముక్కలు రాశారు. నేను మీ ఎదురుగా కూర్చుని ఉంటే ముందు ఆ రెండు ముక్కల గురించే అడిగేవాణ్ని. అయినా మీ మనసును తినేస్తున్న భయం మొదటిది కాబట్టి దాని సంగతే ముందు రాస్తాను. కళ్ల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం తొందరగా చదివి దాటేయవద్దని కోరుతున్నాను.

‘ఏమీ కాదు, నిశ్చింతగా తీసుకోండి’ అని ఒక్క వాక్యంతో ముగించడం నాకు తేలికే. ఓపీలో రద్దీ ఉన్నప్పుడు వైద్యులం చాలాసార్లు అలాగే అంటాం. అయితే అలా చెప్పి పంపిన మనిషి బస్టాండుకు చేరేలోపే ఫోనులో ఇంకేదో చదువుతుంది, ఇటు మా మాట మీద నమ్మకం పోతుంది, అటు జబ్బు అలాగే ఉండిపోతుంది. మీరు లెక్కల టీచరు కాబట్టి మీకు అంకెలతోనే చెప్పవచ్చు.

ఈ మందు కొత్తది కాదు. 1941లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సాల్ హెర్ట్జ్ అనే వైద్యుడు థైరాయిడ్ ఎక్కువైన రోగులకు దీన్ని మొదటిసారి ఇచ్చాడు. యుద్ధం ముగిశాక, 1946 నుంచి, అమెరికాలోని అణు రియాక్టర్లలో ఈ రేడియో అయోడిన్ (అయోడిన్-131) విరివిగా తయారై ఆసుపత్రులకు అందడంతో వాడకం పెరిగింది. అంటే ఎనభై ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది. ‘ఇరవై ఏళ్లకు ఏమవుతుంది’ అనే ప్రశ్నకు ఊహతో కాకుండా, నలభై యాభై ఏళ్లు రోగుల వెంటబడి లెక్కలు రాసుకున్నవారి మాటతో జవాబు చెప్పగలిగే మందులు వైద్యంలో ఎన్నో లేవు. ఇది వాటిలో ఒకటి.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే భయం ఎక్కడ పెట్టుకోవాలో, ఎక్కడ అక్కర్లేదో తెలుస్తుంది. మన ఒంట్లో అయోడిన్‌ను పట్టి దాచుకునేది ముఖ్యంగా థైరాయిడ్ గ్రంథి. గ్రేవ్స్ వ్యాధిలో అది ఇంకా ఆబగా పట్టుకుంటుంది. మింగిన మందులో చాలా భాగం గొంతు దగ్గరికి చేరి అక్కడే ఉండిపోతుంది, మిగిలింది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది. గ్రంథిలో చేరిన అయోడిన్ నుంచి రెండు రకాల కిరణాలు వస్తాయి. బీటా కిరణాలు మహా అయితే 2 మిల్లీమీటర్లు వెళ్లి అక్కడి కణాలను చంపేస్తాయి. వైద్యం చేసేవి ఇవే, ఇవి మీ ఒంటి బయటికి రావు. గామా కిరణాలు మాత్రం శరీరాన్ని దాటి బయటికి వస్తాయి, పిల్లలకు కొన్ని రోజులు దూరంగా ఉండమనేది వీటి కోసమే. అయోడిన్-131 శక్తి 8 రోజులకు సగమవుతుంది. 8 రోజులకు సగం, 16 రోజులకు పావు, 80 రోజులకు వెయ్యో వంతు. మూత్రంలో పోయేదాన్ని కలపకుండానే ఈ లెక్క. ఆ తర్వాత మీ ఒంట్లో లెక్కపెట్టదగ్గ రేడియేషన్ ఏమీ మిగలదు. ‘ఒంట్లో ఉండిపోయి ఇరవై ఏళ్లకు బయటపడుతుంది’ అనే మాటలో ఉండిపోవడం అనే ముక్క నిజం కాదు. అయితే ఆ కొద్ది వారాల్లో పొట్ట, మూత్రాశయం, రొమ్ము వంటి వేరే అవయవాలకు కూడా కొంచెం రేడియేషన్ తగులుతుంది. దాని ఫలితం ఏళ్ల తర్వాత కనబడే అవకాశం ఉందా అన్నదే అసలు ప్రశ్న.

మీ తోటికోడలు గారి మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత బెలారూస్, ఉక్రెయిన్, రష్యాల్లో అప్పటికి పసివాళ్లుగా ఉన్నవారిలో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగాయి. పాల ద్వారా వాళ్ల గొంతులోకి చేరింది ఇదే అయోడిన్-131. మరి అదే పదార్థాన్ని మందుగా ఎలా ఇస్తారు? తేడా వయసులోనూ, మోతాదులోనూ ఉంది. అక్కడ లేత గ్రంథికి తగిలిన రేడియేషన్ కణాల్ని చంపేంత కాదు, వాటి జన్యువుల్ని దెబ్బతీసి బతకనిచ్చేంత. అలా బతికి బట్టకట్టిన కణాలే తర్వాత దారి తప్పుతాయి. వైద్యంలో ఇచ్చేది కణాన్ని పూర్తిగా చంపే మోతాదు, చచ్చిపోయిన కణం క్యాన్సర్‌గా మారలేదు. గ్రేవ్స్ వ్యాధికి అరకొరగా ఇవ్వడం కన్నా చాలినంత ఒకేసారి ఇవ్వడం మేలని చాలామంది నిపుణులు అనడానికి ఇది కూడా ఒక కారణం. చీటీ మీద 15 చూసి ‘ఎక్కువ రాశారేమో’ అని మీకు అనిపించి ఉంటే, అది గ్రేవ్స్‌కు మామూలుగా ఇచ్చే 10–15 మిల్లీక్యూరీల పరిధిలోదే. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఒక్కసారికే 30 నుంచి 100, 150 దాకా ఇస్తారు. లాలాజల గ్రంథులు ఎండిపోవడం, పదేపదే పెద్ద మోతాదులు పడినవారిలో రక్త క్యాన్సర్ వంటివి రావడం గురించి ఇంటర్నెట్‌లో కనబడే భయాలు చాలావరకు ఆ లెక్కకు చెందినవి.

ఇక అధ్యయనాలు. అమెరికా, బ్రిటన్ ఆసుపత్రుల్లో 1946–64 మధ్య థైరాయిడ్ ఎక్కువైన జబ్బుకు చికిత్స పొందిన 35,593 మందిని దశాబ్దాల పాటు గమనించారు. వారిలో సుమారు మూడింట రెండొంతుల మంది రేడియో అయోడిన్ తీసుకున్నవారు. 1998లో ప్రకటించిన ఫలితం ప్రకారం మొత్తం మీద క్యాన్సర్ మరణాలు పెరగలేదు. థైరాయిడ్ క్యాన్సర్ మరణాలు కొద్దిగా ఎక్కువగా కనిపించాయి కానీ వాటి సంఖ్యే బాగా తక్కువ. 1999లో బర్మింగ్‌హామ్ వైద్యులు 7,417 మంది లెక్క ఇచ్చారు. వారిలో 761 క్యాన్సర్లు వస్తాయని అంచనా ఉండగా వచ్చినవి 634. అక్కడ కూడా థైరాయిడ్, చిన్నపేగు క్యాన్సర్లు మాత్రం ఎక్కువే. దీనికి విరుద్ధంగా ఫిన్లాండ్‌లో 2,793 మందిని చూసినవారు 2007లో, మామూలు జనం కన్నా వీరిలో క్యాన్సర్ దాదాపు నాలుగో వంతు ఎక్కువగా ఉందని చెప్పారు. ఒకరు తగ్గిందంటే ఒకరు పెరిగిందన్నారు. ఇంటర్నెట్‌లో రెండు రకాల మాటలూ కనబడేది ఇందువల్లే.

అన్నిటికన్నా గగ్గోలు రేపింది 2019లో వచ్చిన విశ్లేషణ. పైన చెప్పిన అమెరికా రోగుల్లోనే రేడియో అయోడిన్ తీసుకున్న 18,805 మందిని తీసుకుని, ఒక్కొక్కరి ఏ అవయవానికి ఎంత రేడియేషన్ తగిలి ఉంటుందో అంచనా కట్టి, 2014 దాకా జరిగిన మరణాలతో పోల్చారు. రేడియేషన్ పెరిగేకొద్దీ గడ్డలుగా పెరిగే క్యాన్సర్ల మరణాలు, అందులోనూ రొమ్ము క్యాన్సర్ మరణాలు, కొద్దికొద్దిగా పెరిగినట్టు తేలింది. నలభై ఏళ్ల వయసులో ఈ మందు తీసుకున్న 1,000 మందిలో జీవితకాలం మొత్తానికి 19 నుంచి 32 అదనపు మరణాలు ఉండవచ్చని వారు లెక్కగట్టారు. మీ వయసుకు సరిగ్గా సరిపోయే అంకె కాబట్టే దాచకుండా చెప్తున్నాను. నూటికి రెండు, మూడు. ఈ అంకె పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. ఆ దేశంలో ఏ మందూ తీసుకోని మామూలు మనుషుల్లో కూడా దాదాపు అయిదుగురిలో ఒకరు చివరికి క్యాన్సర్‌తోనే పోతారు.

ఆ విశ్లేషణను తప్పుబట్టినవారూ ఉన్నారు, వారి అభ్యంతరాలు బలమైనవే. ఎక్కువ రేడియేషన్ తగిలినవారిని తక్కువ తగిలినవారితో పోల్చారు గానీ, మాత్రలు గానీ ఆపరేషన్ గానీ ఎంచుకున్నవారితో పోల్చలేదు. జబ్బు ముదిరి ఉన్నవారికే పెద్ద మోతాదు పడుతుంది, అలాంటప్పుడు తేడా మందుదా జబ్బుదా అని విడదీయడం కష్టం. తర్వాత అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, రేడియో అయోడిన్ తీసుకున్నవారిలో మొత్తంగా క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు, కాని మోతాదుతో పాటు కొంత పెరుగుదల ఉండవచ్చన్న సూచన మాత్రం మిగిలింది. ఇవన్నీ చదివాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ప్రమాదం సున్నా అని ఎవరైనా చెప్తే నేను ఒప్పుకోను, ఉన్నా అది చిన్నది. అరవై అయిదేళ్ల మనిషికి ఆ చిన్నది ఆలోచించవలసిన విషయమే కాదు. ముప్పై తొమ్మిదేళ్ల మీకు ముందు ఇంకా చాలా ఏళ్లున్నాయి కాబట్టి, నిర్ణయం తీసుకునేటప్పుడు తక్కెడలో దానికీ ఒక చోటు ఇవ్వాలి.

అయితే రెండో పళ్లెంలో ఉన్నదాన్ని మీ తోటికోడలు గారు గానీ, ఇంటర్నెట్ గానీ చెప్పలేదు. అదుపులో లేని థైరాయిడ్ ఊరికే ఉండదు. గుండె లయ తప్పుతుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఆ స్థితి నుంచి పక్షవాతం దాకా పోవచ్చు. ఎముకలు గుల్లబారతాయి. 2019లోనే వేల్స్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, రేడియో అయోడిన్‌తో థైరాయిడ్ పూర్తిగా అదుపులోకి వచ్చినవారిలో, మాత్రలతో నడిపినవారిలో కంటే మరణాలు తక్కువగా కనిపించాయి. అదే రేడియో అయోడిన్ తీసుకున్నా అదుపులోకి రానివారికి ఆ మేలు కలగలేదు. ఏ దారిలో వెళ్లామన్నది కాదు, తొందరగా, గట్టిగా అదుపు చేశామా అన్నదే ఆయుష్షును నిర్ణయిస్తోందని నాకు దీన్నిబట్టి అర్థమైంది. మూడేళ్లుగా ఎక్కుతూ దిగుతూ ఉన్న మీ టీఎస్‌హెచ్ నన్ను క్యాన్సర్ కన్నా ఎక్కువ కలవరపెడుతోంది.

ఇప్పుడు కళ్లు. చాక్‌పీసు పొడి అయితే స్కూలు వదిలాక సాయంత్రానికి ఎక్కువ కావాలి, సెలవు రోజున తగ్గాలి. మీకు పొద్దున లేవగానే ఉంటోంది. గ్రేవ్స్ వ్యాధిలో రాత్రి కనురెప్పలు పూర్తిగా మూతపడకపోవడం వల్ల, కంటి వెనక కండరాల వాపు వల్ల, సరిగ్గా ఇలాగే ఇసుక పోసినట్టు మొదలవుతుంది. రేడియో అయోడిన్ చేసే హానిలో అందరూ ఒప్పుకునేది, అంకెలతో రుజువైనది ఇక్కడే ఉంది. 1998లో ఇటలీలోని పీసా వైద్యులు గ్రేవ్స్ రోగులను మూడు గుంపులుగా చేసి చూశారు. అయోడిన్ ఒక్కటే తీసుకున్న 150 మందిలో సుమారు 15 శాతం మందికి కంటి జబ్బు కొత్తగా రావడమో, ఉన్నది పెరగడమో జరిగింది. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గింది, కొందరికి తగ్గక వేరే చికిత్స అవసరమైంది. అయోడిన్‌తో పాటు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడిన గుంపులో ఒక్కరికీ పెరగలేదు. పొగతాగేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

దీన్ని నేను పుస్తకంలో చదివి వదిలేయలేని కారణం ఒకటుంది. చాలా ఏళ్ల క్రితం చిలకలూరిపేట వైపు నుంచి ఒకాయన వచ్చారు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. వేరే చోట రేడియో అయోడిన్ తీసుకుని నాలుగు నెలలైంది. తీసుకునే ముందు ఆయన కళ్లను ఎవరూ పరీక్షించలేదు. ఆయన గదిలోకి వచ్చినప్పుడు ఎడమ అరచేయి కంటికి అడ్డం పెట్టుకునే ఉన్నారు, ఎందుకని అడిగితే ‘తీస్తే మీరు ఇద్దరు కనబడుతున్నారండీ’ అన్నారు. కాటాలో అంకెలు రెండుగా కనబడి, వ్యాపారం కొడుక్కి అప్పగించి ఇంట్లో కూర్చున్నారు. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఆ తర్వాత కంటి కండరాలకు ఆపరేషన్ అయ్యాక గానీ ఆయన మళ్లీ యార్డుకు పోలేదు. ముందే ఒక్కసారి కంటి డాక్టరుకు చూపించి ఉంటే ఇది చాలావరకు తప్పేది. అప్పటినుంచి గ్రేవ్స్ రోగి ఎవరొచ్చినా నేను ముందు నిద్రలో రెప్పలు మూతపడుతున్నాయా అని ఇంట్లోవాళ్లను అడుగుతాను.

కాబట్టి మీరు అయోడిన్‌కు తేదీ తీసుకునే ముందు కంటి వైద్యుణ్ని కలవండి. అద్దాల కోసం చూసే పరీక్ష చాలదు. థైరాయిడ్ కంటి జబ్బు కోసం చూడమని అడగండి, ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థకు విజయవాడ పక్కన తాడిగడపలో శాఖ ఉంది. రెండేళ్ల క్రితం నాటి ఫొటో ఒకటి ఫోనులో తీసుకెళ్లండి. కళ్లు ముందుకు వచ్చాయో లేదో పాత ఫొటో పక్కన పెడితే తెలిసినంతగా అద్దంలో తెలియదు. టీఆర్‌ఏబీ అనే యాంటీబాడీ పరీక్ష కూడా చేయించండి, రేడియో అయోడిన్ తర్వాత ఇవి కొన్ని నెలల పాటు పెరుగుతాయి, కళ్లను రెచ్చగొట్టేవి ఇవే. కంటి జబ్బు లేదంటే మీకు ఈ దారి తెరిచే ఉంటుంది. కొద్దిగా ఉందంటే స్టెరాయిడ్ అండతో తీసుకోవచ్చు. మధ్యస్థంగానో ఎక్కువగానో ఉండి, చురుకుగా ఉందంటే ఇప్పటికి రేడియో అయోడిన్ వద్దు, ఎవరు ఎంత నచ్చజెప్పినా వద్దు. మీ ఇంట్లో ఎవరికైనా సిగరెట్ అలవాటు ఉంటే, ఆ పొగ మీకు తగలకుండా చూసుకోవడం కూడా వైద్యంలో భాగమే. పొగాకు బోర్డు ఉన్న ఊళ్లో ఈ మాట పట్టించుకునేవారు తక్కువని తెలిసే రాస్తున్నాను.

వేరే దారులు రెండున్నాయి. ఒకటి, తక్కువ మోతాదు నియోమెర్కజోల్‌ను ఏళ్ల తరబడి కొనసాగించడం. ఒకప్పుడు దీన్ని ఒప్పుకునేవారు కాదు, ఇప్పుడు అదుపు బాగుంటే తప్పులేదంటున్నారు. కంటి జబ్బు చురుకుగా ఉందని తేలితే, మీకు ముందుగా చెప్పేది బహుశా ఇదే. తగ్గించగానే పడిపోతున్న మీ టీఎస్‌హెచ్‌ను చూస్తే తగ్గించే తొందర మానుకోవాలి. ఈ మాత్ర వాడుతున్నంత కాలం జ్వరంతో పాటు గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి, తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం అరుదే అయినా ప్రాణాంతకం. రెండోది ఆపరేషన్. రేడియేషన్ అన్న మాటే ఉండదు, జబ్బు ఒక్కరోజులో పోతుంది. అనుభవజ్ఞుల చేతుల్లో గొంతు నరం శాశ్వతంగా దెబ్బతినడం గానీ, కాల్షియం శాశ్వతంగా పడిపోవడం గానీ నూటికి ఒకరిద్దరికి జరగవచ్చు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతుతో బతికే టీచరుకు ఆ ఒకటి రెండు శాతం ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. ఆ దారి ఎంచుకుంటే, ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారని సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి. పాతికకు తక్కువైతే ఇంకొకరిని చూసుకోండి. మీ కళ్లు బాగున్నాయని తేలితే, ఈ మూడింటిలో నేను రేడియో అయోడిన్ వైపే మొగ్గుతాను. అది మా చెల్లెలి విషయమైనా అదే చెప్తాను.

అది తీసుకున్నాక నిజంగా జీవితాంతం ఉండేది ఒకటుంది, దానికి ‘రావచ్చు’ అనే మాట కూడా వాడను. థైరాయిడ్ తక్కువైపోతుంది. ఎక్కువమందికి మొదటి కొన్ని నెలల్లోనే, మిగిలినవారిలో చాలామందికి తర్వాతి ఏళ్లలో. ఇది వికటించడం కాదు, వైద్యం కోరుకున్న ఫలితమే ఇది. రోజూ పొద్దున పరగడుపున థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను) మాత్ర, ఆ తర్వాత అరగంట నుంచి గంట ఆగి కాఫీ. ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటల తేడా. లోపం మాత్రలో ఉండదు, ఆలస్యంలో ఉంటుంది. ‘ఒళ్లు వచ్చేసింది, మొహం ఉబ్బింది, రేడియేషన్ వల్లే’ అని ఏడుస్తూ వచ్చేవారిలో చాలామంది మందు తీసుకున్నాక ఐదారు నెలలు రక్తపరీక్షకు రానివారే. తీసుకున్న నాలుగు నుంచి ఆరు వారాలకు మొదటి పరీక్ష, ఆ తర్వాత నెలా నెలన్నరకోసారి నిలకడ వచ్చేదాకా. ఆ మొదటి నెలల్లో టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి మోసపోవద్దు, పాత జబ్బు ప్రభావంతో అది కిందే పడి ఉంటుంది, అసలు థైరాయిడ్ తగ్గిపోయినా లేవదు. ఎఫ్‌టీ4, టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ల కొలతలు కూడా చూడాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందు ఆపండి, రిపోర్టును అది తారుమారు చేస్తుంది. తీసుకున్న తొలి వారాల్లో చచ్చిపోతున్న గ్రంథి నుంచి హార్మోను ఒక్కసారిగా కారి దడ పెరగవచ్చు, అందుకే దడకు వాడే మాత్రను అప్పుడే మానవద్దు.

మీకు పిల్లలు వద్దని ఆపరేషన్ అయింది కాబట్టి ఈ మాట మీకు కాదు, ఇది చదివే ఇతరులకు: గర్భంతో ఉంటే ఈ మందు ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు, పాలిచ్చే తల్లి కనీసం ఆరు వారాల ముందే పాలు మాన్పించాలి, తీసుకున్న ఆరు నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో దీనివల్ల లోపాలు పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. మీకు కూడా ఆ రోజున ఆసుపత్రిలో గర్భపరీక్ష చేస్తారు, ఆపరేషన్ అయినా చేస్తారు, చిరాకు పడవద్దు.

ఆ రోజు ఎలా ఉంటుందో కూడా చెప్తాను, తెలియని దానికే భయం ఎక్కువ. మన దేశంలో ఈ అయోడిన్ ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారవుతుంది. ఇది షాపులో నిల్వ ఉంచే సరుకు కాదు, రోజులు గడిస్తే బలం తగ్గిపోతుంది కాబట్టి మీ పేరు చెప్పి, తేదీ చూసి తెప్పిస్తారు. చెప్పిన రోజున వెళ్లకపోతే అది మీ కోసం ఆగదు. న్యూక్లియర్ మెడిసిన్ గదిలో బల్ల మీద పిడికిలంత సీసపు డబ్బా ఉంటుంది, చూడటానికి చిన్నది, ఎత్తబోతే చేయి లాగేంత బరువు. లోపల మామూలు క్యాప్సూల్ ఒకటి. కొన్నిచోట్ల నీళ్లలాంటి ద్రవం, స్ట్రాతో తాగిస్తారు. రుచీ వాసనా లేదు, మంట లేదు. మింగిన క్షణంలో ఏమీ అనిపించదు. తర్వాత ఒకరు చిన్న యంత్రం పట్టుకుని మీటరు దూరంలో నిలబడి కొలత రాసుకుంటారు, అది కిటకిటమని మోగుతుంది, ఆ మోత విని చాలామంది బెదురుతారు. మన దేశ నిబంధనల ప్రకారం 30 మిల్లీక్యూరీలు దాటితేనే ప్రత్యేక గదిలో ఉంచాలి. మీది 15 కాబట్టి అదే రోజు ఇంటికి పంపుతారు. నియోమెర్కజోల్‌ను ఎన్ని రోజుల ముందు ఆపాలో వారే చెప్తారు, మామూలుగా కొద్ది రోజులే. ఈ మధ్య అయోడిన్ కలిసిన కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో సీటీ స్కాన్ ఏదైనా తీసి ఉంటే తప్పకుండా చెప్పాలి, గ్రంథి అప్పటికే అయోడిన్‌తో నిండి ఉంటే మందును పట్టుకోదు.

ఇంటికి వచ్చాక అత్తయ్య గారి ప్రశ్న. మొదటి మూడు నాలుగు రోజులు వంట వేరేవారికి అప్పగించండి, మీ చెమట, ఉమ్మి ద్వారా కొంచెం మందు బయటికి వస్తుంది కాబట్టి. అన్నం కలిపి పిల్లల నోట్లో పెట్టడం, ఎంగిలి గ్లాసు పంచుకోవడం కూడదు. మీ కంచం, గ్లాసు, తువ్వాలు వేరుగా ఉంచుకుని, బట్టలు విడిగా ఉతికితే చాలు, పారేయనక్కర్లేదు. నీళ్లు బాగా తాగండి, మూత్రం పట్టి ఉంచుకోవద్దు, బాత్రూంకు వెళ్లినప్పుడు రెండుసార్లు ఫ్లష్ చేసి చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ తర్వాత మీ చేతి వంట ఇంటిల్లిపాదీ తినవచ్చని అత్తయ్య గారికి నా మాటగా చెప్పండి. పెద్దవారి పక్కన కూర్చుని మాట్లాడటానికి భయమేమీ లేదు, గంటల తరబడి ఆనుకుని కూర్చోకుండా, కొద్ది రోజులు వేరే మంచం మీద పడుకుంటే సరిపోతుంది. ఇంట్లో గర్భవతి ఎవరైనా ఉంటే మాత్రం పిల్లలతో ఉన్నంత జాగ్రత్త. ఈ రెండు మూడు నెలల్లో గన్నవరం నుంచి విమానం ఎక్కే పని ఉంటే ఆసుపత్రి ఇచ్చిన ఉత్తరం దగ్గర పెట్టుకోండి, కొన్ని విమానాశ్రయాల్లో తనిఖీ యంత్రాలు వారాల తర్వాత కూడా పసిగడతాయి.

మిగిలింది మీ పాప. బాబు పదకొండేళ్లవాడు, దూరంగా కూర్చోమంటే అర్థం చేసుకుంటాడు. ఐదేళ్ల పిల్లకు అమ్మ ఎందుకు రానివ్వడం లేదో చెప్పలేం. పిల్లల విషయంలో పగలు ఒక మీటరు దూరం, రాత్రి పక్కలో పడుకోబెట్టుకోకపోవడం రెండు నుంచి మూడు వారాలు పాటించాలి, మీ మోతాదుకు సరిగ్గా ఎన్ని రాత్రులో న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. అందుకని, కళ్ల పరీక్ష అయి, అన్నీ సరేననుకుంటే, తేదీని వేసవి సెలవుల మొదటి వారానికి పెట్టించండి. పిల్లలిద్దరినీ ముందు రోజే తెనాలి పంపండి, మీరు మందు తీసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లడం కాదు. ఇంట్లో అలవాటైన దిండు, దుప్పటి పాపతో పంపండి, ఇప్పటినుంచే వారానికి ఒకటి రెండు రాత్రులు అమ్మమ్మ పక్కన పడుకోబెట్టి అలవాటు చేయండి. రాత్రి నిద్రపోయే వేళకు వీడియో కాల్‌లో కథ చెప్పండి, ఫోనులోంచి ఏ కిరణమూ పాపను చేరదు. ఆ కాగితం మీద రాసిన రాత్రులు పూర్తయ్యాక, ఆ మర్నాడే బస్సెక్కి వెళ్లి తీసుకొచ్చుకోండి.